మైకేల్ వెస్ట్

మైకేల్ ఫిలిప్ వెస్ట్ (1888 - 1973) ఇంగ్లాండుకు చెందిన విద్యావేత్త, వాచకాల రచయిత, నిఘంటుకర్త. బ్రిటిషు పాలనాకాలంలో భారత విద్యా సేవలో చేరి, అవిభక్త బెంగాల్‌లోని ఢాకా ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేశాడు. ఇంగ్లీషు మాతృభాష కాని పాఠశాల విద్యార్థులు ఆ భాషలో ఎంతవరకు చదివి అర్థం చేసుకోగలుగుతున్నారో పరీక్షలు పెట్టి కొలిచిన తొలితరం పరిశోధకులలో ఈయన ముఖ్యుడు. ఆ పరిశోధనల నుండి పుట్టిన "న్యూ మెథడ్ రీడర్స్" అనే వాచకాలు ఆసియా, ఆఫ్రికా ఖండాలలోని పలు దేశాలలో చాలాకాలం వాడుకలో ఉన్నాయి. 1953లో ఈయన సంపాదకత్వంలో వెలువడిన "ఎ జనరల్ సర్వీస్ లిస్ట్ ఆఫ్ ఇంగ్లిష్ వర్డ్స్" అనే పదాల పట్టిక ఆంగ్ల బోధనారంగంలో ప్రామాణిక గ్రంథంగా పేరు పొందింది. మన దేశంలో బి.ఎడ్. విద్యార్థులు ఇంగ్లీషు బోధనా పద్ధతులలో భాగంగా చదువుకునే "డాక్టర్ వెస్ట్ నూతన పద్ధతి" ఈయనదే.

తొలి జీవితం

వెస్ట్ 1888లో జన్మించాడు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో విద్యాభ్యాసం చేశాడు. 1912లో భారత విద్యా సేవలో చేరి బెంగాల్‌కు వచ్చాడు. అప్పటికి బెంగాల్ విభజన రద్దయి, రెండు బెంగాల్‌లు తిరిగి ఒక్కటైన రోజులు. ఇరవై సంవత్సరాల పాటు ఆయన ఉద్యోగ జీవితం ప్రధానంగా ఈ ప్రాంతంలోనే సాగింది.

1909లో స్థాపించబడిన ఢాకా ఉపాధ్యాయ శిక్షణ కళాశాల తూర్పు బెంగాల్‌లోని పాఠశాలలకు శిక్షణ పొందిన ఉపాధ్యాయులను అందించే సంస్థ. ఇక్కడ ప్రిన్సిపాలుగా ఉన్న కాలంలోనే వెస్ట్ 1921లో ప్రారంభమైన ఢాకా విశ్వవిద్యాలయంలో విద్యాశాస్త్రానికి గౌరవ రీడరుగా కూడా వ్యవహరించాడు. శిక్షణ కళాశాలలో ఉండటం వల్ల ఆయనకు ఒక వెసులుబాటు కలిగింది. ఒకవైపు ఉపాధ్యాయులు, మరొకవైపు తరగతి గదులు అందుబాటులో ఉండటంతో, తనకు వచ్చిన సందేహాలను పిల్లల మీద పరీక్షించి చూసుకునే అవకాశం దొరికింది.

నాటి ఉన్నత పాఠశాలలలో ఇంగ్లీషు

వెస్ట్ కృషిని అర్థం చేసుకోవడానికి ఆనాటి ఉన్నత పాఠశాలల స్థితి కొంత తెలియాలి. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు ఏర్పడిన తరువాత ఉన్నత పాఠశాల చదువు యావత్తూ మెట్రిక్యులేషన్ పరీక్ష చుట్టూ తిరగసాగింది. ఆ పరీక్షకు ఇంగ్లీషే ముఖద్వారం. ఇంగ్లీషు ఒక పాఠ్యవిషయంగా ఉండటమే కాక, చరిత్ర, భూగోళం, గణితం వంటి విషయాలను కూడా పై తరగతులలో ఆ భాషలోనే చదవవలసి వచ్చేది. కనుక ఇంగ్లీషు చదవలేని విద్యార్థి ఒక్క ఇంగ్లీషులోనే కాక అన్ని విషయాలలోనూ వెనుకబడేవాడు.

బోధన మాత్రం ఇందుకు తగినట్లు ఉండేది కాదు. ఉపాధ్యాయుడు వాచకంలోని పేరాను బిగ్గరగా చదివి, కఠిన పదాలకు అర్థాలు చెప్పి, దానిని మాతృభాషలోకి అనువదించేవాడు. విద్యార్థులు ఒకరి తరువాత ఒకరు అదే పేరాను ప్రకాశపఠనం చేసేవారు. అర్థాలను, ప్రశ్నలకు జవాబులను నోటుపుస్తకాలలో వ్రాసుకొని కంఠస్థం చేసేవారు. పరీక్షలో అడిగేది కూడా చదివిన పాఠం నుండే కాబట్టి ఈ కంఠస్థం అక్కరకు వచ్చేది. అయితే ఎన్నడూ చూడని ఇంగ్లీషు పుటను చేతికిస్తే విద్యార్థి దానిని స్వయంగా చదివి గ్రహించగలడా అన్నది ఈ విధానంలో తెలిసే అవకాశం లేదు.

1917లో మైకేల్ సాడ్లర్ అధ్యక్షతన నియమించబడిన కలకత్తా విశ్వవిద్యాలయ కమిషన్ 1919లో ఇచ్చిన నివేదికలో ఈ లోపం బయటపడింది. మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణులై కళాశాలలో చేరినవారిలో చాలామందికి ఉపన్యాసాలను అనుసరించగలిగేంత ఇంగ్లీషు లేదని కమిషన్ గుర్తించింది. ఉన్నత పాఠశాలలలో ఇంగ్లీషు, గణితం మినహా మిగిలిన విషయాలను మాతృభాషలో బోధించాలని సిఫారసు చేసింది. ఢాకా విశ్వవిద్యాలయ స్థాపనకు కూడా ఈ కమిషన్ నివేదిక తోడ్పడింది. వెస్ట్ పరిశోధనలు ఈ చర్చలు వేడిగా సాగుతున్న కాలంలోనే రూపుదిద్దుకున్నాయి.

మధ్యలో చదువు మానే విద్యార్థి

వెస్ట్ దృష్టిని అన్నిటికన్న ఎక్కువగా ఆకర్షించినది ఉత్తీర్ణుల సంఖ్య కాదు, దారిలో రాలిపోయేవారి సంఖ్య. ఇంగ్లీషు మొదలుపెట్టిన పిల్లలలో అధికభాగం మెట్రిక్యులేషన్ వరకు రాకుండానే, పేదరికం వల్లనో పరీక్ష తప్పడం వల్లనో బడి మానేసేవారు. పాఠ్యప్రణాళిక మాత్రం చివరి తరగతి దాకా చేరే కొద్దిమందిని దృష్టిలో ఉంచుకొని తయారయ్యేది. మొదటి సంవత్సరాలలో వ్యాకరణ సూత్రాలు, అనువాద అభ్యాసాలు నేర్పి, వాటి ఫలితం చివరి సంవత్సరాలలో అందుతుందని ఆశించేవారు. మధ్యలో మానేసిన విద్యార్థికి పునాదులు మాత్రమే మిగిలేవి, నిలువ నీడ ఉండేది కాదు.

దీనిని వివరించడానికి వెస్ట్ జీవిత బీమా వ్యవహారం నుండి ఒక మాటను తీసుకున్నాడు. బీమా పాలసీని గడువు తీరకముందే వదులుకున్నప్పుడు చేతికి వచ్చే సొమ్మును సరెండర్ విలువ అంటారు. భాషాబోధనకు కూడా ఇటువంటి విలువ ఉండాలని ఆయన వాదించాడు. విద్యార్థి ఏ తరగతిలో చదువు ఆపినా, అప్పటిదాకా వెచ్చించిన కాలానికి తగిన ప్రయోజనం అతని వెంట ఇంటికి వెళ్ళాలి. రెండేళ్ళు ఇంగ్లీషు చదివి మానేసిన వానికి రెండేళ్ళ ఫలితం దక్కాలి.

ఏ నైపుణ్యానికి ఇటువంటి విలువ ఎక్కువ అన్నది తరువాతి ప్రశ్న. గ్రామాలలో, చిన్న పట్టణాలలో నివసించే బెంగాలీ బాలునికి ఇంగ్లీషు మాట్లాడవలసిన అవసరం అరుదు. వ్రాయవలసిన అవసరం కొంతమందికే. పుస్తకం చదివి విషయం తెలుసుకునే అవసరం మాత్రం చాలామందికి ఉండవచ్చు. బెంగాలీ సాహిత్యం ఎంతో సంపన్నమైనదే అయినా విజ్ఞానశాస్త్రం, వృత్తివిద్యలు వంటి విషయాలపై పుస్తకాలు ఆ రోజులలో ఆ భాషలో తక్కువ. పైగా మాట్లాడటం, వ్రాయడంతో పోలిస్తే చదవడం త్వరగా పట్టుబడుతుందని, ఉపాధ్యాయుని ఉచ్చారణ అంతంతమాత్రంగా ఉన్నచోట కూడా అది సాధ్యమని వెస్ట్ భావించాడు. అందువల్ల పఠనానికే మొదటి స్థానం ఇవ్వాలని ఆయన తేల్చాడు.

పఠన పరీక్షలు

పఠనాన్ని కొలవడం అప్పటికి కొత్త శాస్త్రం. 1908లో ఎడ్మండ్ హ్యూయీ పఠన మనస్తత్వశాస్త్రంపై గ్రంథం ప్రచురించాడు. అమెరికాలో విలియం గ్రే 1915 ప్రాంతంలో ప్రకాశపఠనానికి ప్రామాణిక పేరాలను తయారుచేశాడు. 1917లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ ఒక చిన్న పేరాపై పాఠశాల విద్యార్థులు ఇచ్చిన జవాబులలోని తప్పులను విశ్లేషించి, చదవడమంటే పదాలను ఒకదాని తరువాత ఒకటి గుర్తుపట్టడం మాత్రమే కాదని, ప్రతి పదానికీ తగిన ప్రాధాన్యం ఇస్తూ సాగే ఆలోచనా ప్రక్రియ అని నిరూపించాడు. ఈ పరిశోధనలన్నీ ఇంగ్లీషు మాతృభాషగా గల పిల్లల మీద జరిగినవి. ఇటువంటి కొలతలను ఇంగ్లీషును పరాయిభాషగా నేర్చుకునే పిల్లలకు వర్తింపజేయడంలోనే వెస్ట్ ప్రత్యేకత ఉంది.

ఆయన బెంగాలీ విద్యార్థుల పఠనాన్ని రెండు కోణాల నుండి కొలిచాడు. మొదటిది వేగం, అంటే నియమిత కాలంలో విద్యార్థి ఎంతమేర చదవగలడు అన్నది. రెండవది అవగాహన, అంటే చదివినదానిలో ఎంత గ్రహించాడు అన్నది. ఈ రెండింటినీ విడివిడిగా చూస్తే మోసపోయే ప్రమాదం ఉంది. గబగబ చదివి ఏమీ గ్రహించనివాడు, ఒక్కొక్క పదానికి నిఘంటువు తిరగవేస్తూ రెండు వాక్యాల దగ్గరే ఆగిపోయేవాడు, ఇద్దరూ చదవరులు కారు. పరీక్షకు మౌనపఠనాన్నే ఎన్నుకోవడానికి కూడా కారణముంది. ప్రకాశపఠనం నోటిని, చెవిని పరీక్షిస్తుంది. అక్షరాలను శబ్దాలుగా మార్చడం తెలిసిన విద్యార్థి ఒక్క ముక్క అర్థం కాకపోయినా పేరాను ధారాళంగా అప్పగించగలడు. వింటున్న ఉపాధ్యాయునికి, కొన్నిసార్లు ఆ విద్యార్థికి కూడా, చదువు వచ్చినట్లే తోస్తుంది.

పఠన పరీక్షను తయారుచేయడంలో పాటించవలసిన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. పేరా విద్యార్థి ఇంతకుముందు చదవనిదై ఉండాలి. ప్రశ్నలకు జవాబులు పేరా చదవకుండానే లోకజ్ఞానంతో చెప్పగలిగినవి కాకూడదు. ప్రశ్నలోని మాటలనే పేరాలో వెదికి ఆ వాక్యాన్ని ఎత్తి వ్రాస్తే సరిపోయేటట్లు ఉండకూడదు. జవాబును పెద్ద ఇంగ్లీషు వాక్యాలలో వ్రాయమంటే, పేరా అర్థమై కూడా వ్రాయలేని విద్యార్థికి సున్న వస్తుంది. అప్పుడు కొలిచినది వ్రాతను, పఠనాన్ని కాదు. ఉన్నత పాఠశాల పరీక్షలలో ఈ తేడా తరచు మరుగున పడుతూ ఉంటుంది.

1926లో వెస్ట్ తన పరిశోధనలను రెండు గ్రంథాలుగా వెలువరించాడు. "బైలింగ్వలిజం" అనే గ్రంథాన్ని బెంగాల్‌ను ప్రత్యేకంగా దృష్టిలో ఉంచుకొని వ్రాయగా, భారత ప్రభుత్వ విద్యా విభాగం కలకత్తా నుండి ప్రచురించింది. "లర్నింగ్ టు రీడ్ ఎ ఫారిన్ లాంగ్వేజ్" అనేది లాంగ్‌మన్స్ సంస్థ ద్వారా వెలువడిన ప్రయోగాత్మక అధ్యయనం.

పరీక్షల నుండి వాచకాలకు

సాధారణంగా పరీక్షలో విద్యార్థి తప్పినప్పుడు లోపం విద్యార్థిదేనని అనుకుంటారు. అశ్రద్ధ, మందబుద్ధి, ఇంటి వాతావరణం వంటి కారణాలు చెబుతారు. వెస్ట్ మాత్రం విద్యార్థి చేతిలో ఉన్న పుస్తకాన్ని పరిశీలించాడు. ఆనాటి వాచకాలలోని పదాలను లెక్కపెట్టి చూడగా రెండు లోపాలు కనిపించాయి.

మొదటిది పదాల ఎంపిక. వాచకాలలో నిత్యవ్యవహారంలో లేని కావ్యభాషా పదాలు, పాతబడిన పదాలు ఎక్కువగా ఉండేవి. ద్వీపానికి "ఐలండ్" అనే వాడుక పదం నేర్పకముందే "ఐల్" అనే పదం వచ్చేది. "నథింగ్" బదులు "నాట్", "వే" బదులు "మోడ్" కనిపించేవి. విద్యార్థి కష్టపడి నేర్చుకున్న ఇటువంటి పదం మరొక పుస్తకంలో అతనికి ఎదురుపడే అవకాశం తక్కువ. ఆ శ్రమ వృథా. వెస్ట్ ఇటువంటి పదాలను తొలగించి వాడుక పదాలను చేర్చాడు. ఏ పదం ఎంత తరచుగా వాడబడుతుందో తెలుసుకోవడానికి థార్న్‌డైక్ 1921లో ప్రచురించిన పదివేల పదాల పట్టిక ఆయనకు తోడ్పడింది.

రెండవది పదాల పంపిణీ. కొత్త పదాలు ఒకేచోట గుంపుగా వచ్చిపడితే విద్యార్థి చదవడం ఆగిపోయి, పదాలను విప్పుకోవడం మొదలవుతుంది. ఉదాహరణకు 300 పదాల పుటలో ప్రతి పది పదాలకు ఒక కొత్త పదం చొప్పున వస్తే ముప్ఫై కొత్త పదాలవుతాయి. అంతటి పుటను ఎవరి సాయమూ లేకుండా చదవడం అసాధ్యం. అదే యాభై పదాలకు ఒకటి చొప్పున వస్తే పుటకు ఆరు మాత్రమే. చుట్టూ ఉన్న తెలిసిన పదాల సాయంతో వాటి అర్థాన్ని ఊహించడం సాధ్యమవుతుంది. వెస్ట్ సూచించిన ప్రమాణం సుమారుగా ఈ యాభైకి ఒకటి. అంతేకాక ఒకసారి పరిచయమైన పదం వెంటనే అదే పాఠంలో మళ్ళీ మళ్ళీ రావాలని, తరువాతి పాఠాలలో కూడా పునరావృతం కావాలని నియమం పెట్టుకున్నాడు.

ఈ సూత్రాలతో తయారైన "న్యూ మెథడ్ రీడర్స్" 1920ల ద్వితీయార్థం నుండి లాంగ్‌మన్స్ ద్వారా వెలువడసాగాయి. ప్రధాన వాచకాలతో పాటు అదే పదజాలంతో కుదించి వ్రాసిన కథల పుస్తకాలు ఉపవాచకాలుగా వచ్చాయి. విద్యార్థి ఒక మెట్టు పూర్తిచేయగానే అతని పదజాలానికి సరిపోయే కథలు చేతికి అందేవి. ఏ మెట్టు మీద ఆగిపోయినా ఆ మెట్టుకు తగిన పుస్తకాలను స్వయంగా చదువుకోగలగాలన్నదే దీని ఉద్దేశం. సరెండర్ విలువ అన్న ఆలోచనకు ఇది ఆచరణ రూపం. నేడు పుస్తకాల దుకాణాలలో కనిపించే స్థాయిలవారీ సరళ ఇంగ్లీషు కథల పుస్తకాలకు ఈ వాచకాలు మార్గదర్శకాలు.

తరగతి బోధనలో కూడా ఆయన మార్పు తెచ్చాడు. పాఠం చదివిన తరువాత ప్రశ్నలు అడగడం వాడుక. చదవడానికి ముందే ప్రశ్నలు ఇవ్వడం మేలని వెస్ట్ చెప్పాడు. జవాబు కోసం వెదుకుతూ చదివే విద్యార్థికి ఒక లక్ష్యం ఉంటుంది. అతని కళ్ళు పుట మీద అర్థం కోసం కదులుతాయి.

పద పట్టికలు, నిఘంటువు

1930ల తొలి సంవత్సరాలలో వెస్ట్ భారతదేశం వదిలి వెళ్ళాడు. కొంతకాలం కెనడాలోని టొరంటోలో పరిశోధన చేశాడు. ఆ సమయంలో సి.కె. ఆగ్డెన్ 1930లో ప్రతిపాదించిన 850 పదాల "బేసిక్ ఇంగ్లిష్" ప్రపంచమంతటా చర్చలో ఉంది. వెస్ట్, ఆయన సహచరులు 1934లో దీనిపై విమర్శనాత్మక పరిశీలన ప్రచురించారు. పదాల సంఖ్య తక్కువగా కనిపించినా, ఒక్కొక్క పదానికి ఉన్న పలు అర్థాలు, చిన్న క్రియలతో కూర్చిన పదబంధాలు కలిపి చూస్తే విద్యార్థి నేర్చుకోవలసిన భారం చాలా ఎక్కువని వారి వాదన. ఆగ్డెన్ 1935లో దీనికి ఘాటుగా ప్రత్యుత్తరమిస్తూ ఒక పుస్తకాన్నే ప్రచురించాడు.

1934 అక్టోబరులో కార్నెగీ కార్పొరేషన్ సహాయంతో న్యూయార్కులో పదజాల ఎంపికపై ఒక సమావేశం జరిగింది. హెరాల్డ్ పామర్, లారెన్స్ ఫాసెట్, థార్న్‌డైక్, ఎడ్వర్డ్ సపీర్ వంటి ప్రముఖులతో పాటు వెస్ట్ ఇందులో పాల్గొన్నాడు. 1935లో లండనులో చర్చలు కొనసాగాయి. వాటి ఫలితంగా 1936లో మధ్యంతర నివేదిక వెలువడింది. దానిని సవరించి, ప్రతి పదానికీ వేరువేరు అర్థాలు ఎంత శాతం వాడుకలో ఉన్నాయో లెక్కలు చేర్చి వెస్ట్ 1953లో ప్రచురించినదే "జనరల్ సర్వీస్ లిస్ట్". ఇందులో సుమారు 2000 ప్రధాన పదాలు ఉన్నాయి. పదం ఎంత తరచుగా వస్తుందన్నదే కాక, నేర్చుకోవడంలో సులభత, అవసరం, మరొక పదంతో పని జరుగుతుందా లేదా అన్నవి కూడా ఎంపికలో పరిగణించబడ్డాయి. సాధారణ ఇంగ్లీషు రచనలో సుమారు 80 శాతం మేర ఈ పదాలే ఉంటాయని తరువాతి పరిశోధకులు లెక్కగట్టారు.

1935లో జేమ్స్ ఎండికాట్‌తో కలిసి వెస్ట్ "ది న్యూ మెథడ్ ఇంగ్లిష్ డిక్షనరీ" ప్రచురించాడు. ఇందులో సుమారు 24,000 పదాలకు, పదబంధాలకు కేవలం 1,490 పదాలను వాడి అర్థాలు చెప్పారు. ఒక పదానికి అర్థం వెదికిన విద్యార్థి ఆ అర్థంలోని పదం తెలియక మరొక పుట తిప్పవలసిన అవస్థను ఇది తప్పించింది. 1978లో వెలువడిన లాంగ్‌మన్ సంస్థ వారి ప్రసిద్ధ విద్యార్థి నిఘంటువు సుమారు 2000 పదాలతోనే నిర్వచనాలు ఇచ్చింది. ఇది ఈ మార్గానికి కొనసాగింపే.

కష్ట పరిస్థితులలో బోధన

1960లో వెస్ట్ "టీచింగ్ ఇంగ్లిష్ ఇన్ డిఫికల్ట్ సర్కమ్‌స్టాన్సెస్" అనే చిన్న పుస్తకం వ్రాశాడు. కిక్కిరిసిన తరగతి, కదలడానికి వీలులేని బల్లలు, ఒకే తరగతిలో వివిధ స్థాయిల విద్యార్థులు, తగిన శిక్షణ లేని ఉపాధ్యాయుడు, వేడి వాతావరణం, ఇవన్నీ ఉన్న బడి గురించి వ్రాసిన పుస్తకమిది. బోధనా గ్రంథాలు సాధారణంగా అన్ని వసతులూ ఉన్న తరగతిని ఊహించుకొని వ్రాస్తారు. ఉపాధ్యాయులలో అధికసంఖ్యాకులు పనిచేసే తరగతి అటువంటిది కాదని వెస్ట్‌కు బెంగాల్ అనుభవం నేర్పింది.

"చదివి, తల ఎత్తి చెప్పు" అనే అభ్యాసం ఇందులో వివరించబడింది. విద్యార్థి పుస్తకంలోని ఒక పదబంధాన్ని మౌనంగా చదివి, తల ఎత్తి, ఎదుటివాని ముఖం చూస్తూ దానిని చెప్పాలి. పుస్తకం చూస్తూ చదవడానికీ, మాట్లాడటానికీ మధ్య ఇది వంతెన వంటిది. చెప్పవలసిన మాటను కొద్ది క్షణాలైనా మనసులో నిలుపుకోవాలి కనుక అర్థం మీద దృష్టి పడక తప్పదు. దీనికి ఒక వాచకం తప్ప మరే పరికరమూ అక్కరలేదు.

వెస్ట్ 1973లో మరణించాడు.

విమర్శలు

వెస్ట్ సిద్ధాంతాలకు ఆయన జీవితకాలం నుండే విమర్శలు ఉన్నాయి. సంభాషణకు మొదటి స్థానం ఇవ్వాలన్నది పామర్ మొదలైన వారి మార్గం. మౌఖికాభ్యాసం లేకుండా చదువుతో మొదలుపెడితే భాష నిర్జీవమవుతుందని ఈ పక్షం వారి అభిప్రాయం. అయితే అమెరికాలో 1929లో వెలువడిన కోల్మన్ నివేదిక, పాఠశాలలలో పరాయిభాషకు కేటాయించే కొద్ది కాలంలో సాధ్యమయ్యే లక్ష్యం పఠనమేనని చెప్పి వెస్ట్ మార్గానికి దగ్గరగా నిలిచింది.

పాలిత ప్రజలకు చదవడం చాలు, మాట్లాడటం అక్కరలేదన్న ధోరణి వలసపాలనకు అనుకూలమైనదన్న విమర్శ కూడా న్యాయమైనదే. ఉద్యోగాలలో, న్యాయస్థానాలలో, ప్రజాజీవితంలో ఇంగ్లీషు మాట్లాడగలవారికి దక్కిన ఆధిక్యాన్ని గమనిస్తే ఈ విమర్శ బరువు తెలుస్తుంది. అదే సమయంలో, బడిని మధ్యలో వదిలే పిల్లలను లెక్కలోకి తీసుకున్న పాఠ్యప్రణాళికాకర్త వెస్ట్ అన్న సంగతినీ మరువరాదు.

ఇక "జనరల్ సర్వీస్ లిస్ట్" 20వ శతాబ్దపు తొలి భాగంలోని రచనల లెక్కల మీద ఆధారపడినది కావడంతో కాలక్రమేణా పాతబడింది. కంప్యూటర్ వంటి పదాలు అందులో లేవు. 2013లో రెండు వేరువేరు పరిశోధక బృందాలు ఆధునిక రచనల ఆధారంగా కొత్త పట్టికలు ప్రచురించాయి. రెండు బృందాలూ తమ పట్టికలకు పాత పేరుకు "న్యూ" అని చేర్చి పెట్టుకోవడం వెస్ట్ పట్టికకు ఉన్న గౌరవాన్ని తెలుపుతుంది.

అనంతర పరిశోధనలు

యాభై పదాలకు ఒక కొత్త పదం అన్న ప్రమాణం అంటే పుటలోని పదాలలో 98 శాతం తెలిసి ఉండటం. 2000లో హు, పాల్ నేషన్ అనే పరిశోధకులు ఒక కథలోని పదాలను వివిధ నిష్పత్తులలో తెలియని పదాలుగా మార్చి, ఇంగ్లీషు నేర్చుకుంటున్నవారి చేత చదివించారు. 80 శాతం పదాలు మాత్రమే తెలిసినప్పుడు ఎవరికీ తగినంత అవగాహన కలగలేదు. సాయం లేకుండా కథను హాయిగా చదవాలంటే సుమారు 98 శాతం పదాలు తెలిసి ఉండాలని వారు తేల్చారు. ఢాకాలో వెస్ట్ చేరుకున్న ప్రమాణం సుమారు ముప్పావు శతాబ్దం తరువాత ఈ విధంగా మరొకసారి బలపడింది. ఈ లెక్క ప్రకారం చూస్తే, కేవలం 2000 పదాలు తెలిసిన విద్యార్థికి సరళీకరించని పుస్తకాన్ని ఇచ్చి పరీక్షించడం న్యాయం కాదు. ఆ పుటలో అయిదింట ఒక పదం అతనికి తెలియనిదే అవుతుంది.

పఠన పరీక్షల పద్ధతులు కూడా విస్తరించాయి. 1953లో విల్సన్ టేలర్ ప్రవేశపెట్టిన క్లోజ్ పరీక్షలో, పేరాలోని కొన్ని పదాలను తొలగించి ఖాళీలను పూరించమంటారు. బహుళైచ్ఛిక ప్రశ్నలు, వాక్యాల వరుసక్రమం వంటివి వాడుకలోకి వచ్చాయి. పద్ధతి ఏదైనా, చదివింది అర్థమైందా అన్న ప్రశ్న మాత్రం మారలేదు.

భారతదేశంలో ఈ ప్రశ్న నేటికీ సజీవంగా ఉంది. ప్రథమ్ సంస్థ ఆధ్వర్యంలో వెలువడే అసర్ నివేదిక 2023లో 26 రాష్ట్రాలలోని 28 జిల్లాలలో 14 నుండి 18 ఏళ్ళ గ్రామీణ యువతను పరీక్షించింది. ఇంగ్లీషు వాక్యాలు చదవగలిగినవారు 57.3 శాతం. అలా చదవగలిగినవారిలో వాటి అర్థం చెప్పగలిగినవారు సుమారు మూడు వంతులు, అంటే నాలుగింట మూడు భాగాలు. మిగిలిన వంతు వారు పైకి చదివారు, అర్థం చెప్పలేకపోయారు. ఈ రెండు ప్రశ్నలనూ విడదీసి అడగడంలో వెస్ట్ పట్టుబట్టిన సూత్రమే కనిపిస్తుంది. ఇతర పాఠ్యవిషయాలను కూడా ఇంగ్లీషు మాధ్యమంలో చదివే విద్యార్థుల విషయంలో ఈ తేడా మరింత ముఖ్యమైనది. వారికి ఇంగ్లీషు పేరా అర్థం కాకపోతే సామాన్యశాస్త్రం, సాంఘికశాస్త్రం కూడా అందకుండా పోతాయి.

ముఖ్య రచనలు

బైలింగ్వలిజం (1926)
లర్నింగ్ టు రీడ్ ఎ ఫారిన్ లాంగ్వేజ్ (1926)
న్యూ మెథడ్ రీడర్స్ (1920ల ద్వితీయార్థం నుండి)
లాంగ్వేజ్ ఇన్ ఎడ్యుకేషన్ (1929)
ది న్యూ మెథడ్ ఇంగ్లిష్ డిక్షనరీ (1935, జేమ్స్ ఎండికాట్‌తో కలిసి)
ఎ జనరల్ సర్వీస్ లిస్ట్ ఆఫ్ ఇంగ్లిష్ వర్డ్స్ (1953)
టీచింగ్ ఇంగ్లిష్ ఇన్ డిఫికల్ట్ సర్కమ్‌స్టాన్సెస్ (1960)